ఇల్లు మారితే టెన్షన్ తగ్గుతుందా, డాక్టర్ గారూ?

ప్రశ్న: మా వర్గం వాళ్లమంతా ఒకే పేటలో ఉంటాం. బయట ఇల్లు అద్దెకు అడిగితే, మా పేట పేరు వినగానే ఖాళీ లేదంటారు. ఆరు నెలలుగా నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది. వేరే ఏరియాకు మారిపోతే తగ్గుతుందా? 13 ఏళ్ల బాబు, 10 ఏళ్ల పాప ఉన్నారు.

సమాధానం: ఎవరైనా అడ్రస్ అడిగితే చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయిస్తారు కదా, అది రోజూ జరుగుతుంటే శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. నిద్ర చెడటానికి, దడకు అది చాలు. అయినా ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు, ఈసీజీ చేయించుకోండి. దడ అనగానే టెన్షన్ అని తేల్చేయడం మా డాక్టర్లకూ ఉన్న అలవాటే.

ఒక వర్గాన్ని ఒక మూలకు నెట్టేస్తే అక్కడికి బడి, బస్సు, ఆస్పత్రి అన్నీ అంతంతమాత్రంగానే వస్తాయి. మానసిక వైద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాగని మనవాళ్ల మధ్య బతకడం చెడ్డదేమీ కాదు. దక్షిణ లండన్‌లో, నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో జరిగిన అధ్యయనాల్లో, తమవాళ్లు తక్కువగా ఉన్న చోట నివసించే మైనారిటీల్లోనే సైకోసిస్ (లేనివి వినపడటం, భ్రమలు కలగడం లాంటి తీవ్ర మానసిక జబ్బు) ఎక్కువగా కనిపించింది. పక్కింటివాళ్ల తోడు పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఇక ఇల్లు మారడం. అమెరికాలో 1994లో ‘మూవింగ్ టు ఆపర్చునిటీ’ అనే ప్రయోగం మొదలైంది. ఐదు నగరాల్లో ప్రభుత్వ ఇళ్లలో ఉంటున్న పేద కుటుంబాలకు లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువున్న ప్రాంతాలకు మారేందుకు అద్దె వోచర్లిచ్చారు. ఏళ్ల తర్వాత చూస్తే పెద్దవాళ్లలో మానసిక వేదన తగ్గింది. ఆడపిల్లలకూ మేలే జరిగింది. మగపిల్లల్లో మాత్రం డిప్రెషన్, పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) పెరిగాయి. అది పేదరికం మీద చేసిన ప్రయోగం కాబట్టి మీకు అచ్చంగా వర్తించదు. అయినా మీ బాబు విషయంలో నేనైతే దాన్ని తేలిగ్గా తీసుకోను.

మారాలనుకుంటే ముందు వాడితో మాట్లాడండి. ఎవరితో ఆడుకుంటాడు, కొత్త బడిలో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా కనుక్కోండి. సెలవు రోజుల్లో పాత స్నేహితుల దగ్గరకు పంపండి. మారినా మారకపోయినా మీ నిద్రకు చికిత్స వాయిదా వేయొద్దు. ఆరు నెలలంటే సైకియాట్రిస్టుకు చూపించుకోవాల్సిందే. నిద్రలేమికి మందుల్లేకుండా, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే థెరపీ బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.