పాఠకుల ప్రశ్నలు: మెదడు స్కాన్లు, వాటి వెనుక కంప్యూటర్లు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా గైడ్‌గారి చొరవతో వేరే నగరంలోని ఒక కేంద్రంలో 40 మందికి ఎం.ఆర్.ఐ. స్కాన్లు తీయించి, డేటాను హార్డ్ డిస్కులో తెచ్చుకున్నాను. ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ అనే, స్కాన్లను విశ్లేషణకు సిద్ధం చేసే ప్రోగ్రామును నా ల్యాప్‌టాప్‌లో నడిపితే కొన్ని గంటలు పనిచేసి ఆగిపోతోంది. పెద్ద కంప్యూటరు కొనమని మిత్రులు అంటున్నారు. విశ్వవిద్యాలయాల మెదడు చిత్రణ కేంద్రాలలో ఈ పనికి ప్రత్యేక విభాగం ఉంటుందని విన్నాను. అది ఏమి చేస్తుంది? అది అందుబాటులో లేని మాబోటివాళ్ళు ఏమి చేయాలి?
- పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: కొనుగోలు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఇటువంటి ప్రోగ్రాములు మధ్యలో ఆగిపోవడానికి చాలా సందర్భాలలో కారణం మెమరీ చాలకపోవడమే. అవి ఒకేసారి అనేక పనులను మొదలుపెడతాయి. ర్యామ్ నిండిపోగానే ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని నిలిపివేస్తుంది. ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడవాలో, ఎంత మెమరీ వాడుకోవాలో ముందుగానే నిర్దేశించి, ఒక్కొక్కరి డేటాను విడివిడిగా ఇచ్చి చూడండి. మధ్యలో పుట్టే ఫైళ్ళు అసలు డేటాకు ఎన్నో రెట్లు పెరగగలవు కాబట్టి, వాటి ఫోల్డరును ఖాళీ ఎక్కువగా ఉన్న డిస్కులో పెట్టండి.

అయినా కాలం సమస్య మిగులుతుంది. మెదడు ఉపరితలాన్ని పునర్నిర్మించే ఫ్రీసర్ఫర్ అనే ప్రోగ్రాము దశకు ఒక్కొక్కరికి ఎనిమిది గంటలు పడుతుందనుకుంటే, 40 మందికి 320 గంటలవుతుంది. రాత్రింబవళ్ళు నడిపినా పదమూడు రోజులు దాటుతుంది, ఈలోగా కరెంటు పోకూడదు. ఒకరి స్కానుతో మరొకరి స్కానుకు లెక్కలో సంబంధం ఉండదు కాబట్టి, 40 కోర్లూ (విడివిడిగా లెక్క చేయగల ప్రాసెసర్ భాగాలు) తగినంత మెమరీ ఉన్న క్లస్టరులో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహంలో, అదే పని ఒక్క రాత్రిలో తెమిలిపోతుంది. కేంద్రాలు సొంత క్లస్టర్లను పెట్టుకోవడానికి ముఖ్యకారణం ఇదే. మన కె.జి.హెచ్. ఆసుపత్రిలో ఓ.పి. చీటీలు ఇచ్చినట్లు, స్లర్మ్ అనే ప్రోగ్రాము వచ్చిన పనులను వరుసలో ఉంచి, ఖాళీ అయిన కంప్యూటరుకు ఒక్కొక్కటిగా అప్పగిస్తుంది.

డేటా పరిమాణం కూడా మారిపోయింది. మెదడును 36 పొరలుగా, పొరకొక 64×64 చుక్కల పటం చొప్పున తీసే పాతకాలపు పద్ధతిలో, రెండు సెకన్లకొకసారి చొప్పున పది నిమిషాల స్కాను తొమ్మిది కోట్ల బైట్లకు మించదు. అమెరికాలోని హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు వారు 104×90 చుక్కల పటాలు 72 చొప్పున 0.72 సెకన్లకొకసారి తీశారు. పదిహేను నిమిషాలు నిండకుండానే 1,200 పూర్తి మెదడు చిత్రాలు, సుమారు 160 కోట్ల బైట్లు చేరతాయి. అటువంటి స్కాన్లు ఒక్కొక్కరికి నాలుగేసి తీశారు. ఇంత డేటా స్కానరు గదిలోని కంప్యూటరులోనే పడి ఉంటే అది త్వరలోనే నిండిపోతుంది. అందువల్ల దానిని ఏ రోజుకారోజు సర్వరుకు తరలించడం, స్కానరు ఇచ్చే డైకామ్ ఫైళ్ళను విశ్లేషణ ప్రోగ్రాములు చదివే నిఫ్టీ రూపంలోకి మార్చడం, మెదడు డేటా అమరిక కోసం 2016లో వెలువడిన బిడ్స్ ప్రమాణం ప్రకారం ఫోల్డర్లకు పేర్లు పెట్టడం, తల కదిలిన స్కాన్లను తొలివారంలోనే పసిగట్టి చెప్పడం కూడా మీరు అడిగిన విభాగం చేసే పనులే.

వీటన్నిటికంటే విలువైనది సాఫ్ట్‌వేర్ వెర్షన్లను కాపాడడమని నా అభిప్రాయం. ఒకే స్కాన్లను ఫ్రీసర్ఫర్ వేర్వేరు వెర్షన్లతో కొలిచినప్పుడు మెదడు భాగాల ఘనపరిమాణాలలో సగటున 8.8 శాతం తేడా వచ్చినట్లు 2012లో ఒక అధ్యయనం చూపింది. ఆపరేటింగ్ సిస్టమ్ మారినా ఎంతో కొంత తేడా కనిపించింది. ఇరవై మంది డేటా పూర్తయ్యాక ఎవరో వచ్చి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే, మీరు రెండు వర్గాల మధ్య కనుగొన్న తేడా మెదడుదో వెర్షనుదో చెప్పలేరు. అందుకే కేంద్రాలు పాత వెర్షన్లను తొలగించకుండా, ప్రోగ్రామునూ దానికి కావలసిన సామగ్రినీ ఒకే కంటెయినరుగా కట్టి ఉంచుతాయి. అలా కట్టే సాధనాలలో డాకర్ పేరు మీరు వినే ఉంటారు. దానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం అవసరం కాబట్టి, పదిమంది వాడుకునే క్లస్టర్లలో సాధారణంగా ఆ అధికారం లేకుండానే నడిచే ఆప్టెయినర్ ఉంటుంది. స్కానరుకు దొరికినంత సులభంగా ఈ పని చూసే మనిషి జీతానికి మంజూరు దొరకదన్నది వేరే బాధ.

ఇక మీ విషయం. స్కాన్లు తీసిన కేంద్రంలోనే క్లస్టరు ఉంటే, అక్కడ ఖాతా ఇవ్వగలరేమో ముందు అడగండి. డేటా ఉన్నచోటికి మీరు వెళ్ళడం, డేటాను మీ దగ్గరకు మోసుకురావడం కంటే తేలిక. తరువాత మీ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని సంప్రదించండి. 2015లో ఆరంభమైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐ.ఐ.టి. హైదరాబాదు వంటి సంస్థలలో పరమ్ శ్రేణి యంత్రాలు నెలకొన్నాయి. వాటిని బయటివారు వాడుకునే నిబంధనలను మీ గైడ్‌గారి ద్వారా కనుక్కోవచ్చు. సాఫ్ట్‌వేర్ విషయంలో ఖర్చుకు భయపడనవసరం లేదు. మెదడు స్కాన్లను విశ్లేషించే ఎఫ్.ఎస్.ఎల్., ఆఫ్నీ, ఫ్రీసర్ఫర్ విద్యాపరమైన వాడకానికి ఉచితం. ఎస్.పి.ఎం. కూడా ఉచితమే గాని, సాధారణంగా డబ్బిచ్చి కొనే మాట్‌ల్యాబ్ మీద నడుస్తుంది. మాట్‌ల్యాబ్ కొనకుండా నడిపే రూపం కూడా ఉంది. ఇవన్నీ ఒకేచోట అమర్చి ఉన్న న్యూరోడెస్క్‌ను చూడండి.

ఈ వారమే మరొక పని చేయండి. మీ డేటా ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉన్నట్లు ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన నగరంలో రోజుల తరబడి విద్యుత్తూ ఫోన్లూ లేని సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండవ ప్రతిని పక్క గదిలో పెడితే చాలదు; సముద్రతీరానికి దూరంగా, వేరే నగరంలో మూడవ ప్రతి ఉండాలి. అన్ని ప్రతులనూ పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒక పరిశోధన కోసం స్వచ్ఛందంగా మెదడు స్కాన్ తీయించుకున్నాడు. పేరు తీసేసి డేటాను ఇతరులకు ఇస్తామని కాగితంలో రాశారు. పేరు తీసేస్తే సరిపోతుందా?
- ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: సరిపోదు. డైకామ్ ఫైలు లోపల పేరుతోపాటు పుట్టిన తేదీ, స్కాన్ తేదీ వంటివి కూడా ఉంటాయి, అవీ తొలగించాలి. పైగా తల స్కానులో ముఖం రూపురేఖలు కూడా పడతాయి. 2019లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, స్కాన్ల నుంచి నిర్మించిన ముఖాలను ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలకు సరిపోల్చగా, 84 మందిలో 70 మందిని అది సరిగ్గా గుర్తుపట్టింది. అందుకే బాధ్యతగల కేంద్రాలు డేటాను బయటికి ఇచ్చే ముందు ముఖం భాగాన్ని చెరిపివేస్తాయి. అలా చేస్తారా అని అడిగే హక్కు మీ అబ్బాయికి ఉంది. 2017 నాటి ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం అతను పరిశోధన నుంచి ఎప్పుడైనా వైదొలగవచ్చు. అయితే డేటాను ఒకసారి బహిరంగంగా పెట్టి, ఇతరులు దింపుకున్న తరువాత వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు; అడగదలచినది అంతకుముందే అడగమనండి.

ప్రశ్న: నేను బి.టెక్. కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం విద్యార్థిని. జీవశాస్త్రం రాదు. ఇటువంటి కేంద్రాలలో పనికి వస్తానా?
- గాజువాక

జవాబు: వస్తారు. లినక్స్, పైథాన్, షెల్ స్క్రిప్టులు బాగా వచ్చినవారి అవసరం అక్కడ ఎప్పుడూ ఉంటుంది. మెదడు భాగాల పేర్లు పనిలో పడ్డాక వస్తాయి. గణాంకశాస్త్రాన్ని మాత్రం వదలకండి. పైన చెప్పిన పాత పద్ధతిలో ఒక్కొక్క పూర్తి మెదడు చిత్రంలో సుమారు 1,47,000 చుక్కలు ఉంటాయి. ప్రతిదానినీ నూటికి ఐదు తప్పులను అనుమతించే పరీక్షకు పెడితే, నిజానికి స్పందన ఏమీ లేకపోయినా ఏడు వేలకు పైగా చుక్కలు స్పందించినట్లు వెలిగే అవకాశం ఉంది. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానరులో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, ఇన్ని పరీక్షలు చేసినందుకు గణాంకాలలో తగిన దిద్దుబాటు చేయకపోతే దాని మెదడు కూడా స్పందించినట్లు కనిపిస్తుందని నిరూపించారు. మన ఫిషింగ్ హార్బరులో చెబితే నవ్వుతారు గాని, ఆ ప్రయోగానికి 2012లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. మెదడు డేటాను పంచే ఓపెన్‌న్యూరో వెబ్‌సైటులో ఉచితంగా దొరికే డేటాలోంచి చిన్నదొకటి దింపుకుని, దాని నాణ్యతను ఎంఆర్‌ఐక్యూసీ అనే ప్రోగ్రాముతో పరీక్షించి, ఆ నివేదికను దరఖాస్తుకు జతచేయండి.