టెక్ సందేహాలు: నడుం నొప్పి వాచీకి తెలుస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒడిశా సరిహద్దు నుంచి వచ్చాయి. నాలుగూ నడుం, మెడ నొప్పుల చుట్టూ తిరిగేవే. నేను పుట్టి పెరిగింది కూడా అటువైపే కాబట్టి మిగతా ఉత్తరాలను వచ్చేవారానికి ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

సందేహం: మా నాన్నగారు పట్టు నేస్తారు. ముప్పై ఏళ్లుగా గుంట మగ్గం మీదే పని. నడుం నొప్పికి నెలనెలా డాక్టరు గారికి చూపిస్తున్నాం. ఎలా ఉందని ఆయన అడిగితే నాన్న 'పర్వాలేదండీ' అని ఊరుకుంటారు. ఇంటికొచ్చాక రాత్రంతా మూలుగుతారు. నొప్పిని కొలిచే స్మార్ట్‌వాచ్ 5 వేల లోపు ఏదైనా ఉందా? (బరంపురం)

జవాబు: ఆ 5 వేలు దాచుకోండి. వాచీ వెనక వెలిగే పచ్చ లైటు నాడిని చూస్తుంది, లోపలి యాక్సెలరోమీటర్ చేతి కదలికను బట్టి అడుగులు లెక్కిస్తుంది. నొప్పిని పట్టే సెన్సర్ ఏ వాచీలోనూ లేదు. పైగా నేతపనిలో అడుగుల లెక్క నమ్మడానికి లేదు. నాన్నగారు హాయిగా నేసిన రోజున కూడా మగ్గం దగ్గరే కూర్చుంటారు కాబట్టి అడుగులు తక్కువే ఉంటాయి. చేయి ఊగిన ఊపును వాచీ అడుగులుగా లెక్కేసినా వేయొచ్చు.

నొప్పిని కొలవాలంటే మనిషిని అడగాల్సిందే. వైద్యులు చేసేదీ అదే. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి తేదీకి ఒక కాలమ్ పెట్టండి. పక్కన 'ఈ వారంలో సగటున నొప్పి ఎంత' అని ఒకటి. అసలు లేకపోతే 0, ఊహించగలిగినంత భరించలేని నొప్పి అయితే 10. తర్వాత నాన్నగారికి కష్టమవుతున్న మూడు పనులు ఆయన్నే ఎంచుకోమనండి. గుంటలోంచి లేవడం, గంటసేపు కదలకుండా నేయడం, నీళ్ల బకెట్ ఎత్తడం, ఇలా ఆయనకు ఏవి ముఖ్యమైతే అవి. వీటికి లెక్క తిరగబడుతుంది: అసలు చేయలేకపోతే 0, మునుపటిలా చేయగలిగితే 10. ఇది నేను కనిపెట్టింది కాదు. రోగి తన పనులు తనే ఎంచుకునే ఈ పద్ధతి 1995 నుంచి ఫిజియోథెరపీలో ఉంది. చివరి కాలమ్‌లో ఆ వారం ఎన్ని నొప్పి మాత్రలు వేసుకున్నారో రాయండి. అది లేకపోతే మాత్ర వల్ల తగ్గిందా, వ్యాయామం వల్ల తగ్గిందా అన్నది తేలదు.

వారానికి ఒక్కసారి, అదే రోజు, అదే వేళకు అడగండి. రోజూ అడిగితే ధ్యాసంతా నొప్పి మీదే ఉంటుంది. ఆయన చెప్పిన అంకెనే రాయండి, మీకు తోచింది కాదు. ఒక పాయింటు అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు. పదిలో 2 పాయింట్లు, లేదా మొదటి అంకెలో 30 శాతం తగ్గితే నిజమైన మెరుగుగా సాధారణంగా లెక్కిస్తారు. ఈసారి వెళ్లినప్పుడు షీట్‌లోని గ్రాఫ్‌ను డాక్టరు గారి ముందు పెట్టండి. 'పర్వాలేదు' వెనక ఏముందో ఆయనకు అర నిమిషంలో తెలుస్తుంది.

ఒక్క మాట. మూత్రం, మలం అదుపు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గుతున్నా షీట్ నింపుతూ కూర్చోకండి. అర్ధరాత్రైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సందేహం: చిన్న ఫిజియో క్లినిక్ నడుపుతున్నాను. నడుం నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డమవుతోందో అడిగే ఆస్వెస్ట్రీ ఫారాలు కాగితం మీద నింపించి, మార్కులు చేత్తో కూడుతున్నాను. గూగుల్ ఫామ్స్‌లో పెట్టొచ్చా? తెలుగువాళ్లూ, ఒడియావాళ్లూ వస్తారు. కొండ ఊళ్ల క్యాంపుల్లో సిగ్నల్ ఉండదు. (రాయగడ)

జవాబు: పెట్టొచ్చు, కానీ ముందు అనుమతి సంగతి చూసుకోండి. 1980లో అచ్చయిన ఆ ప్రశ్నావళి వాడే అనుమతి, దాని అనువాదాలు మాపి రీసెర్చ్ ట్రస్ట్ అనే సంస్థ ద్వారా అందుతాయి. మీకు కావలసిన భాషల గురించి అక్కడే అడగండి. సొంతంగా అనువదిస్తే వాక్యం కొంచెం మారినా స్కోరు అర్థం మారిపోతుంది. మెడకు దాన్ని ఆధారం చేసుకునే 1991లో నెక్ డిజెబిలిటీ ఇండెక్స్ తయారైంది. మెడ నొప్పి వాళ్లకు అది ఇవ్వండి, నడుం ఫారం వద్దు.

గూగుల్ ఫామ్స్‌లో చిక్కేమిటంటే జవాబు అంకెగా రాదు, వాక్యంగా వస్తుంది. ప్రతి వాక్యం ముందు 0 నుంచి 5 వరకు అంకె పెట్టి, షీట్‌లో లెఫ్ట్ ఫంక్షన్‌తో ఆ అంకెను విడదీసి, వ్యాల్యూ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చండి. ఖాళీ గడి ఖాళీగానే ఉండేలా ఇఫ్ ఫంక్షన్ పెట్టండి. ఇది చాలా అవసరం. దాంపత్య జీవితం గురించిన ప్రశ్నను, అందులోనూ పక్కన కోడలో అత్తగారో ఉంటే, చాలామంది వదిలేస్తారు. అది సున్నాగా పడితే స్కోరు తప్పుతుంది. ఉన్నవి పది ప్రశ్నలు, ఒక్కోదానికి గరిష్ఠంగా 5. పదికి పదీ నింపి 18 వస్తే 50కి 18, అంటే 36 శాతం. తొమ్మిదే నింపి 18 వస్తే 45కు 18, అంటే 40 శాతం. వచ్చిన మొత్తాన్ని (సమ్) నింపిన ప్రశ్నల సంఖ్యతో (కౌంట్) భాగించి 20తో గుణిస్తే రెండు సందర్భాల్లోనూ సరిగ్గా వస్తుంది.

సిగ్నల్ లేని క్యాంపులకు గూగుల్ ఫామ్స్ పనికిరాదు. సర్వే ఫారాలు నింపించే కోబోటూల్‌బాక్స్ వాడండి. దాని ఆండ్రాయిడ్ యాప్ నెట్ లేకుండా జవాబులు దాచుకుని, నెట్ దొరికాక పంపుతుంది. ఒకే ఫారంలో రెండు భాషలు పెట్టి ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. జవాబుల షీట్‌లో పేర్లు వద్దు, ఓపీ నంబరు చాలు. పేర్ల పట్టిక వేరేచోట ఉంచండి. ఫారాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం మానేయండి. అది రోగి నమ్మి చెప్పిన మాట.

సందేహం: ఫోన్ చూస్తున్నప్పుడు మెడ ఎంత వంగిందో చూపించే యాప్‌లు నిజమేనా? (గుణుపూర్)

జవాబు: అవి చాలావరకు ఫోన్ ఎంత వాలిందో చూస్తాయి, మీ మెడను కాదు. పడుకుని చూసినా, ఫోన్‌ను బల్ల మీద పెట్టినా లెక్క తప్పుతుంది. గంటకోసారి లేచి తిరగమని గుర్తుచేసే అలారం చాలు.

సందేహం: అమ్మ నడుం ఎంఆర్ఐ సీడీ ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ లేదు. విశాఖలో డాక్టరుకు ఎలా పంపాలి? రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బడం) అని చూసి అమ్మ భయపడుతోంది. (పర్లాకిమిడి)

జవాబు: నెట్ సెంటర్‌లో సీడీ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. ఫైళ్ల పేర్లు వింతగా ఉన్నా ఏదీ తీసేయొద్దు. అవి స్కాన్ బొమ్మలుండే డైకామ్ ఫైళ్లు. విండోస్‌లో మైక్రోడైకామ్ అనే ప్రోగ్రామ్‌తో తెరుచుకుంటాయి. ఫోల్డర్‌ను జిప్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, డాక్టరు గారి మెయిల్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి. ఫిల్మ్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే వివరాలు పోతాయి.

అమ్మకు ఇది చెప్పండి: 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేనివాళ్లలోనే 20 ఏళ్లవారికి 30 శాతం, 80 ఏళ్లవారికి 84 శాతం మందికి స్కాన్‌లో డిస్క్ బల్జ్ కనిపిస్తుంది. ఆ మాట ఒక్కటే చూసి కంగారు పడొద్దు. పై బరంపురం జవాబులో చెప్పిన షీట్‌ను అమ్మకూ మొదలుపెట్టి, స్కాన్‌తో పాటు అదీ పంపండి.