నాలుగు ఫేరాలైతే పెళ్లి కాకుండా పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి తనతో పనిచేసే జైన్ అబ్బాయిని ఇష్టపడింది. వాళ్లు రాజస్థాన్ నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు. పెళ్లి వాళ్ల పద్ధతిలోనే జరగాలట. అగ్ని చుట్టూ ప్రదక్షిణలు (వాళ్లు ఫేరాలంటారు) నాలుగేనట, పొద్దుగూకితే భోజనాలు లేవట. కాళ్లు కడిగి కన్యాదానం చేయనివ్వరేమోనని మావారు అలిగి కూర్చున్నారు. అసలిది పెళ్లి కింద లెక్కేనా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: లెక్కేనమ్మా. 1955 నాటి హిందూ వివాహ చట్టం జైనులకూ వర్తిస్తుంది. వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిగినా చెల్లుతుందని ఏడో సెక్షన్లోనే ఉంది. కొన్ని జైన్ ఇళ్లలో ఏడు ఫేరాలూ తిరుగుతారు. నాలుగు తిరిగేవాళ్లు అవి ధర్మార్థకామమోక్షాలకని చెప్పుకుంటారు. ఆ లెక్క వదిలేయండి.

మీవారికి మాత్రం జైనుల పెళ్లిలో ఉండే కన్యావరణం గురించి చెప్పండి. తండ్రి కూతురి కుడి అరచేతిలో రూపాయి పావలా, కాసిని బియ్యం పెట్టి, ఆ చేతిని పెళ్లికొడుక్కి అందిస్తాడు. పురోహితుడు మంత్రం చదువుతూ నీళ్లు చల్లుతాడు. కాళ్లు కడగకపోతేనేం, చెయ్యి అందించేది ఆయనే కదా! జీలకర్రబెల్లం, తలంబ్రాలు కావాలనుకుంటే నోరు తెరిచి అడగండి. అడక్కముందే కాదంటారని అలగడమేమిటి?

తిండి దగ్గర మాత్రం బేరం పెట్టకండి. జైనులు కొలిచే ఇరవైరెండో తీర్థంకరుడు నేమినాథుడు పెళ్లికి తరలివెళ్తూ, విందు కోసం కట్టేసిన జంతువుల అరుపులు విని రథం వెనక్కి తిప్పించాడు. పెళ్లి మానేసి, సన్యసించి గుజరాత్‌లోని గిర్నార్ కొండెక్కాడు. ఆ కథ విని పెరిగిన ఇల్లది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప మానెయ్యాలని మీకూ తెలిసే ఉంటుంది. పచ్చి అల్లమూ తినరు, సొంఠి పర్లేదు. నిష్ఠ గలవాళ్లయితే పెరుగావడలు కూడా ముట్టరు, పచ్చి పెరుగు పప్పుతో కలవకూడదని. మనవాళ్లకు పెరుగావడ లేని విందా అనిపిస్తుంది, నిజమే! ముహూర్తం పగటిపూట పెట్టించుకుంటే సగం చిక్కు తీరుతుంది.

ఇంత రాశారు గానీ, మీ ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరే పిల్ల రోజూ పొద్దుగూకకముందే తినాలంటారా? అత్తగారితో ఒకే వంటిల్లా, వేరే కాపురమా? పుట్టింటికొచ్చినప్పుడు కోడికూర తింటే తప్పుపడతారా? లగ్నపత్రిక రాసుకోకముందే అమ్మాయినీ అబ్బాయినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇవి తేల్చుకోమనండి. ఆ గదిలో మీరుండకండి.