పెళ్ళి గుంటూరులో, పెళ్ళికూతురు గుంటూరులో ఉంది

ప్రశ్న: మాడ్రిడ్ వచ్చి నాలుగు నెలలైంది. యాప్‌లో రోజూ స్పానిష్ నేర్చుకుంటున్నాను. మాటలు వస్తున్నాయి కానీ గ్రామర్ దగ్గర బుర్ర తిరుగుతోంది. సెర్, ఎస్తార్ అనే రెండు క్రియలకీ యాప్ ఇంగ్లీషు 'be' (ఉండటం) అనే ఒకే అర్థం చూపిస్తోంది. ఎప్పుడు ఏది వాడాలి?

జవాబు: మీ యాప్ ఇంగ్లీషులో పాఠాలు చెప్తున్నట్టుంది. చిక్కంతా అక్కడే. నేనూ అలాగే మొదలుపెట్టాను. వచ్చిన కొత్తలో తలనొప్పి మాత్ర కోసం ఫార్మసీకి వెళ్ళి, ఇంగ్లీషు వాక్యాన్ని మనసులోనే మార్చుకుని "యో దుయేలో కబేథా" అన్నాను. కౌంటర్ దగ్గరావిడ కాసేపు నా మొహం చూసి, "తే దుయేలే లా కబేథా?" అంది. నీకు తల నొప్పెడుతోందా అని. నొప్పెట్టేది తల, బాధ నాకు. అచ్చం మన వాక్యమే కదా!

ఇంటికొచ్చి పుస్తకం మళ్ళీ తెరిచాను, ఈసారి తెలుగులో ఆలోచిస్తూ. 'నాకు సినిమా నచ్చింది' అంటే మే గుస్తో లా పెలీకులా. 'పాటలు నచ్చాయి' అంటే మే గుస్తారోన్ లాస్ కన్థియోనెస్. నచ్చింది, నచ్చాయి అని మనం ఎలా మారుస్తామో వాళ్ళూ అలాగే మారుస్తారు. ఇంగ్లీషు వాళ్ళు నెలలు కుస్తీపట్టే పాఠం ఇది.

ఇక మీ సెర్, ఎస్తార్. 'ఆయన డాక్టర్' అంటాం, 'ఉన్నాడు' అనం. అక్కడ సెర్: ఎస్ మెదికో. 'ఇంట్లో ఉన్నాడు' అంటే ఎస్తార్: ఎస్తా ఎన్ కాసా. ఇంకా తమాషా చూడండి. 'పెళ్ళి గుంటూరులో' అంటాం, ఉంది అనక్కర్లేదు. లా బోదా ఎస్ ఎన్ గుంటూర్. 'పెళ్ళికూతురు గుంటూరులో ఉంది' అంటే మాత్రం లా నోవియా ఎస్తా ఎన్ గుంటూర్. జరిగే వేడుకకి సెర్, మనిషి ఎక్కడుందో చెప్పడానికి ఎస్తార్. ఒక్కచోట జాగ్రత్త: 'కాఫీ వేడిగా ఉంది' ఎస్తార్ అయినా, 'అబ్బాయి పొడుగ్గా ఉంటాడు' సెర్. ఎప్పుడూ అంతే అయితే సెర్ అనుకోండి, చాలావరకు గట్టెక్కుతారు.

భూతకాలం కూడా ఇలాగే. 'తిన్నాను' కోమీ, 'తినేదాన్ని' కోమీయా. చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్ళేవాళ్ళం అంటే ఈబామోస్, నిరుడు వెళ్ళాం అంటే ఫుయిమోస్. 'నేను', 'నువ్వు' ప్రతిసారీ చెప్పక్కర్లేదు, క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది.

నాకు ఇప్పటికీ ఇబ్బంది తూ, ఉస్తేద్ దగ్గర. నువ్వు, మీరు లాంటివే. కానీ స్పెయిన్‌లో పక్కింటి డెబ్భై ఏళ్ళ ఆవిడ కూడా తూ అనమంటుంది. పెద్దావిడని నువ్వు అనడానికి నోరు రాక చాన్నాళ్ళు వాక్యాలు నమిలేశాను.

ఉచ్చారణకి టెన్షన్ పడకండి. వాళ్ళది మన త, మన ద. తాపాస్ అనే చిరుతిళ్ళని టాపాస్ అనకపోతే చాలు. పేరో అంటే కానీ, రకారాన్ని గట్టిగా దొర్లించి పేర్రో అంటే కుక్క. నాలుక తిరగడం మనకేం కొత్త కాదు.

క్లాసు కావాలంటే ఎస్కువేలా ఒఫిథియాల్ దె ఇదియోమాస్ చూడండి. ప్రభుత్వ భాషా పాఠశాలలు, ఫీజు తక్కువ, సీట్లు తొందరగా అయిపోతాయి. పౌరసత్వం అనుకుంటే మనకు పదేళ్ళ నివాసం, దేలే ఏ2 అనే స్పానిష్ భాషా పరీక్ష, ఇంకా దేశం గురించి 25 ప్రశ్నల పరీక్షలో 15 సరైన జవాబులు కావాలి. మీకింకా బోలెడు టైముంది.

తెలుగు సాయం చేయనిది లింగాల దగ్గర. బల్ల ఆడది, పుస్తకం మగది, కారణం అడగకండి. మగ మాట ముందు ఎల్, ఆడ మాట ముందు లా వస్తుంది. ప్రతి మాటనీ ఆ ఎల్, లా తోనే బట్టీ పట్టండి. ఓ తో ముగిసేవి చాలావరకు మగవే, కానీ చెయ్యి మాత్రం లా మానో. నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎల్ మానో అంటే, ఇక్కడే పుట్టిన మా అమ్మాయి అన్నం తింటూ తలెత్తకుండానే "లా, అమ్మా" అంటుంది.