నా తల, నా ఇష్టం

ప్రశ్న: హెల్మెట్ పెట్టుకుంటే ఉక్కపోత, జుట్టు రాలుతుంది. పడితే పగిలేది నా తలే కదా, పక్కవాడిది కాదు. సిగరెట్ తాగేవాడికి లేని చలానా నాకెందుకు?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ వాదన మీకన్నా ముందే సుప్రీంకోర్టు దాకా వెళ్లొచ్చింది, అదీ మన హైదరాబాద్ నుంచే. హెల్మెట్ తప్పనిసరి చేసిన ఆంధ్రప్రదేశ్ నిబంధన తన స్వేచ్ఛకు అడ్డమని ఒకాయన కేసు వేస్తే 1988లో కొట్టేశారు, నీ మేలు కోసం పెట్టిన నిబంధన స్వేచ్ఛకు భంగం కాదు పొమ్మన్నారు. ఆ 'నీ మేలు కోసం' అన్న మాట నాకూ పెద్దగా రుచించదు. అలా మొదలుపెడితే రేపు మిర్చి బజ్జీల జోలికీ వస్తారు.

కానీ పగిలాక ఏమవుతుందో మీరు రాయలేదు. ఎవరో 108కి ఫోన్ చేస్తారు. ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాత అని 1989లో సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి, కావాలనే హెల్మెట్ వదిలేశాడు, వీణ్ని పక్కన పెట్టండి అనే హక్కు ఏ డాక్టరుకీ లేదు, ఉండకూడదు కూడా. పైగా తలకు దెబ్బ తగిలినవాళ్లంతా అక్కడికక్కడే పోరు. కొందరు నెలల తరబడి మంచం మీద ఉంటారు, అన్నం తినిపించేది, పక్క మార్చేది, ఉద్యోగం మానుకుని కూర్చునేది మీ ఆవిడో అమ్మో. మీ రిస్కులో వాటా తీసుకుంటావా అని వాళ్లను అడిగారా? నష్టమంతా నిజంగా మీ ఒక్కరిదే అయితే మీ మాటకు సరే అనేవాణ్ని. చికిత్స ఆపడం మనవల్ల కాని పని, కనుక ముందే వెయ్యి రూపాయల చలానా అంటున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టే శిక్ష కూడా ఉంది, అది మాత్రం బండి మీదే బతికేవాళ్లకు ఎక్కువే అనిపిస్తుంది.

సిగరెట్ విషయంలో మీరన్నది సగం నిజం. బహిరంగ ప్రదేశాల్లో తాగితే దానికీ జరిమానా ఉంది, కాకపోతే అది పక్కవాడి ఊపిరితిత్తుల కోసం. ఇంట్లో తాగేవాణ్ని ఎవరూ ఆపరు, పన్ను మాత్రం గట్టిగా గుంజుతారు.

ఇంకోటి, ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్లే పిల్లాడి తల మీ ఇష్టం కిందికి రాదు. నాలుగేళ్లు దాటితే చట్టం ప్రకారం వాడికీ హెల్మెట్ ఉండాల్సిందే.

ఉక్కపోతంటారా, గాలి ఆడే రంధ్రాలున్నవి దొరుకుతున్నాయి, ఐఎస్ఐ మార్కు చూసి తల సైజుకు సరిపోయేది కొనుక్కోండి. గడ్డం కింద పట్టీ కూడా బిగించండి.