10 వాట్ల డయోడ్ లేజర్‌కి దానితో వచ్చిన కళ్లజోడు సరిపోతుందా? ప్లైవుడ్ అంచులు ఎందుకు మాడుతున్నాయి?

చుట్టూ మూత లేని లేజర్ కోత మెషీన్‌కి పెట్టెలో వచ్చిన పచ్చ కళ్లజోడు సరిపోతుందా అని ఒకటి, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోస్తే అంచులు ఎందుకు బొగ్గవుతున్నాయని ఇంకొకటి అడిగారు. ఇలాంటి మెషీనే చాలాకాలంగా వాడుతున్నాను. రెండింటికీ ముందు కావలసింది ఒకటే: మెషీన్‌కి చుట్టూ ఒక పెట్టె, అందులోంచి పొగ బయటికి పోయే దారి.

కళ్ల సంగతి ముందు చూద్దాం. మీ లేజర్‌ది దాదాపు 450 నానోమీటర్ల నీలం వెలుగు. కంటికి కనిపించే వెలుగు కాబట్టి కంట్లోని కటకం దాన్ని తీసుకెళ్లి రెటీనా మీద చుక్కలా పెడుతుంది. రెప్ప వేసేలోపే దెబ్బ తగిలిపోతుంది. 4వ తరగతి, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి లేజర్ కాబట్టి నేరుగా పడేదే కాదు, వస్తువు మీద పడి చెదిరి వచ్చేది కూడా దగ్గర్నుంచి చూస్తే ప్రమాదమే. కళ్లజోడు రంగు చూసి నమ్మకండి, దాని మీద ఏం అచ్చు వేశారో చదవండి. ఎన్ని నానోమీటర్ల నుంచి ఎన్నింటి వరకు, ఓ.డి. (ఆప్టికల్ డెన్సిటీ, వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఎంత అన్నది ఉండాలి. ఓ.డి. ఒక అంకె పెరిగితే లోపలికి వచ్చే వెలుగు పదో వంతుకి పడిపోతుంది. 450 దగ్గర 5కి తక్కువ ఉన్నది నేను పెట్టుకోను. ఏమీ రాసి లేని జోడైతే పక్కన పడేయండి. సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ కోసం చేసిన తెల్లటి అద్దాలు కూడా దీనికి పనికిరావు. అవి ఆపేది 10,600 నానోమీటర్ల వెలుగుని, నీలం వాటిలోంచి దర్జాగా దూరిపోతుంది.

అయినా జోడు కాపాడేది పెట్టుకున్నవాళ్లనే. తలుపు తీసుకుని లోపలికొచ్చే పిల్లల సంగతేమిటి? అందుకే పెట్టె కావాలంటున్నాను. రేకుతో చేసినదైతే మంచిది. చూడటానికి కిటికీ పెడితే దానికి కూడా 450 నానోమీటర్లకి ఓ.డి. చెప్పి అమ్మే షీటే వాడండి, మామూలు నారింజ ప్లాస్టిక్ కాదు.

పొగ గొట్టానికి ఫ్యాన్‌ని పెట్టె దగ్గర కాకుండా అవతలి చివర, కిటికీ దగ్గర బిగించండి. అప్పుడు గొట్టమంతా లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది, ఎక్కడైనా అతుకు వదులైనా గది గాలి లోపలికి పోతుందే తప్ప పొగ గదిలోకి రాదు. గొట్టం బిగించిన చోటికి ఎదురు వైపు పెట్టెకి కింద ఒక కంత వదలాలి, గాలి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా తిరగడమే గానీ లాగదు. సన్నని టిష్యూ ముక్క ఆ కంత దగ్గర పట్టుకోండి, లోపలికి గుంజుకుంటే సరిగా ఉన్నట్టే.

ఇక మాడటం. కోత దగ్గర నిలిచిపోయిన పొగ లేజర్‌కి అడ్డం పడుతుంది, లెన్స్ మీద పేరుకుంటుంది, చెక్కకి మరక పెడుతుంది. మనమేమో తెగడం లేదని వేగం తగ్గిస్తాం, ఇంకా మాడుతుంది. కొయ్యడానికి ఎయిర్ అసిస్ట్, అంటే కోత మీదికి గాలి ఊదే పంపు, గట్టిగా పెట్టండి. బొమ్మ చెక్కేటప్పుడు మాత్రం తగ్గించండి, లేకపోతే పొగని చెక్క మీదే అదిమేస్తుంది. నిదానంగా ఒక్క పాస్ (అదే గీత మీద ఒకసారి నడపడం) కంటే కాస్త వేగంగా రెండు పాస్‌లు వేస్తే నాకు అంచు శుభ్రంగా వస్తుంది. ఫోకస్ పైపొర మీద కాకుండా చెక్క మందంలో సగానికి దించి చూడండి. మూలల్లోనే ఎక్కువ నల్లబడుతోందంటే మలుపు దగ్గర హెడ్ (లేజర్ ఉండి కదిలే భాగం) నెమ్మదిస్తున్నా పవర్ తగ్గడం లేదన్నమాట. మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ లైట్‌బర్న్ అయితే, అందులో ఆ లేయర్‌కి కాన్‌స్టంట్ పవర్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. అంకెలు నన్నడిగి లాభం లేదు, ప్లైవుడ్‌లో జిగురు షీటుకీ షీటుకీ మారుతుంది. కొత్త షీటు రాగానే ఒక మూల టెస్ట్ గ్రిడ్ (ఒక్కో గడికి ఒక్కో వేగం, పవర్ పెట్టి చూసే గళ్లు) వేసి, గడుల పక్కన వేగం, పవర్ రాసి పెట్టుకోండి.

పీవీసీ, వినైల్, రెగ్జిన్ మాత్రం లేజర్ కింద పెట్టొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, మీ ఊపిరితిత్తులనీ మెషీన్ ఇనుమునీ రెండింటినీ తినేస్తుంది. ఏ ప్లాస్టికో తెలియకపోతే గాలి బాగా ఆడే చోట రాగి తీగని ఎర్రగా కాల్చి, దాన్ని ఆ ప్లాస్టిక్‌కి తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉండవచ్చు, ఆ ముక్క వదిలేయండి. పచ్చగా మారనంత మాత్రాన మంచిదని కాదు, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ కూడా వద్దు.

మెషీన్ నడుస్తుంటే గది వదలకండి, ఫోన్ మోగినా సరే. కోత చోట చిన్న నిప్పురవ్వ మామూలే. హెడ్ ముందుకి జరిగాక కూడా వెనకాల పసుపు మంట నిలబడితే వెంటనే ఆపేయాలి. కరెంటు తీసేశాక చిన్న మంటకి నీళ్ల స్ప్రే చాలు. పెద్దదైతే మంటలార్పే సీవోటూ సిలిండర్ పక్కనే ఉండాలి, పొడి సిలిండర్ కూడా ఆర్పుతుంది కానీ ఆ పొడి మెషీనంతా దూరుతుంది. కింద తేనెపట్టు జాలీలో పడ్డ ముక్కల్ని ప్రతి పని తర్వాతా దులపండి, నిప్పు ముందు అంటుకునేది వాటికే.

మొన్నటిదాకా తెగిన సెట్టింగ్‌తోనే ఇవాళ తెగకపోతే పవర్ జోలికి పోకముందు మెషీన్ ఆపి, చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్‌తో లెన్స్ తుడవండి.