ముందు బ్యాడ్జీ వెనకవైపు చూపెట్టండి

పోయిన నెల ఒక పాఠకుడు పంపిన పారాట్రూపర్ల మెరూన్ టోపీ ఫొటో వేశాం (పారాట్రూపర్లంటే విమానంలోంచి పారాచూట్‌తో దూకే సైనికులు). అప్పటినుంచి వచ్చిన ఉత్తరాల్లో సగం పారాట్రూపర్ల బ్యాడ్జీల గురించే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది: అందరూ ముందువైపు ఫొటోలే పంపారు, వెనకవైపు పంపినవాళ్లు ఇద్దరంటే ఇద్దరే.

అన్నా, హన్మకొండలో మా పాతిల్లు కూలగొట్టేటప్పుడు తాత ట్రంకుపెట్టె దొరికింది. అందులో రెండు గుడ్డ ముక్కలున్నయి. ఒకదాంట్లో మెరూన్ రంగు మీద రెక్కల గుర్రం, దానిపై ఈటె పట్టుకున్న మనిషి. ఇంకోదాంట్లో పారాచూట్, రెండు రెక్కలు. జర్మనోళ్లవి, లక్షలొస్తయని మా బామ్మర్ది అంటున్నడు. మేం ముగ్గురన్నదమ్ములం. అమ్మాలా, పంచుకోవాలా అని ఇంట్లో రోజూ లొల్లే.

మీ బామ్మర్దికి ఓ చాయ్ పోసి నెమ్మదిగా చెప్పండి, ఆ గుర్రానికీ జర్మనీకీ సంబంధం లేదు. గుర్రం పేరు పెగాసస్, మీద కూర్చున్నది బెల్లెరోఫాన్ అనే గ్రీకు కథల వీరుడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఎయిర్‌బోర్న్ (విమానాల్లో వెళ్లి దిగే) దళాల కోసం ఎడ్వర్డ్ సీగో అనే చిత్రకారుడు గీసిన బొమ్మ అది. తర్వాత మన 44వ ఇండియన్ ఎయిర్‌బోర్న్ డివిజన్ (డివిజన్ అంటే వేలమంది ఉండే పెద్ద దళం) కూడా అదే గుర్రాన్ని తీసుకుంది. అంతకుముందే, 1941 అక్టోబర్‌లో, ఢిల్లీలో 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ మొదలైంది. అందులో ఒక బ్రిటిష్ బెటాలియన్, ఒక ఇండియన్ బెటాలియన్, ఒక గూర్ఖా బెటాలియన్ ఉండేవి. మొదట దూకిన భారతీయుల్లో రంగరాజ్ అనే డాక్టర్ ఒకరు. తర్వాత కొరియా యుద్ధంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళానికి నాయకత్వం వహించి మహావీర చక్ర అందుకున్నది ఆయనే. 1944 మార్చిలో మణిపూర్ కొండల్లో సాంగ్‌షాక్ దగ్గర జపాన్ సైన్యాన్ని రోజుల తరబడి ఆపింది ఈ బ్రిగేడే, అదీ పారాచూట్ లేకుండా, మామూలు పదాతి దళంలాగా నేలమీద నిలబడి.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గరున్న రెండు ముక్కలూ రెండు వేరువేరు మాటలు చెబుతాయి. గుర్రం బొమ్మ డివిజన్ గుర్తు. డివిజన్‌లో ఉన్న వంటవాడూ గుమాస్తా కూడా దాన్ని భుజానికి కుట్టుకోవచ్చు, విమానం మొహం చూడకపోయినా సరే. రెక్కల పారాచూట్ అట్లా కాదు, అది దూకినవాళ్లకే ఇస్తారు. కాబట్టి రెండూ మీ తాతవే అయితే ఆయన దూకినట్టే లెక్క. ఇంతకీ ఆయనవేనా? గుడ్డ ముక్కల్ని తిప్పి చూడండి. చాన్నాళ్లు యూనిఫాం మీద ఉన్న ముక్కకు అంచు పొడుగునా కుట్టు రంధ్రాలుంటాయి, అక్కడక్కడా తెంపిన దారం కొసలు ఇంకా వేలాడుతుంటాయి, ఎండ తగిలిన ముందువైపు వెలిసిపోయి వెనకవైపు రంగు నిగనిగలాడుతుంటుంది. ఈ మూడూ కలిపి దొంగతనంగా పుట్టించడం కష్టం.

అదే పెట్టెలో బొత్తాలు గానీ ఇత్తడి బ్యాడ్జీలు గానీ ఉన్నాయేమో వెతకండి. కిరీటం ఉంటే గణతంత్రానికి ముందువి, అశోకుడి సింహాలుంటే 1950 జనవరి 26 తర్వాతివి. తాత రెండు కాలాల్లోనూ పనిచేసి ఉంటే రెండు రకాలూ కనబడతాయి.

లక్షల సంగతి మర్చిపోండి. ముగ్గురూ పంచుకుంటే మాత్రం అన్నీ పాడవుతాయి, గుర్రం ఒకరింట్లో, రెక్కలు ఒకరింట్లో, డిశ్చార్జి కాగితం ఇంకొకరింట్లో ఉంటే వచ్చే తరానికి అవి ఉత్త గుడ్డ ముక్కలే. పెట్టె ఒక్కరి దగ్గరే ఉంచి మిగతా ఇద్దరూ ఫొటోలు తీసుకోండి. తాత నంబరు, పటాలం పేరు పింఛను పుస్తకంలో ఉంటాయి. అది దొరక్కపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి చూడండి, ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో వాళ్లు చెబుతారు.

కరీంనగర్ నుంచి: ఆన్‌లైన్‌లో జర్మన్ పారాట్రూపర్ గద్ద బ్యాడ్జీ 4,500కు కొన్నాను. ఒరిజినలేనా సార్?

కాదు తమ్ముడూ. ఆ ధర చూస్తేనే చెప్పొచ్చు, కానీ నువ్వు పంపిన ఫొటో చూశాక అనుమానమే లేదు. జర్మన్ వైమానిక దళం లుఫ్ట్‌వాఫె ఆ బ్యాడ్జీని 1936 నవంబర్‌లో పెట్టింది, ఆరు జంపులు చేసినవాళ్లకు ఇచ్చేవాళ్లు. ఆకుల దండ ఒక ముక్క, కిందికి దూసుకొచ్చే బంగారు పూత గద్ద ఇంకో ముక్క, రెండింటినీ వెనకనుంచి రివెట్లతో బిగించేవాళ్లు. నీదాంట్లో గద్దా దండా ఒకే పోతలో వచ్చాయి, వెనక రివెట్ తలల ఆకారం కూడా అచ్చులోంచే వచ్చింది. ముందు గద్ద ఈకల మీద చిన్నచిన్న గుంటలున్నాయి చూడు, అది పోత పోసిన గుర్తు. అసలువి డై అనే గట్టి అచ్చు మీద కొట్టి తీసినవి, గీతలు పదునుగా ఉంటాయి.

ఈ తేడా నాకు పుస్తకాల్లో కన్నా పెంబర్తిలో బాగా అర్థమైంది. అక్కడ ఇత్తడి రేకు మీద నకాషీ పని చేసే ఒక పెద్దాయనకు నా దగ్గరున్న రెండు బ్యాడ్జీలిచ్చాను. ముందువైపు ఆయన చూడనే లేదు. బొటనవేలితో వెనకవైపు తడిమి, ఇది కొట్టింది, ఇది పోసింది అని చెప్పేశాడు. కొట్టినదానికి ముందు ఎత్తుగా ఉన్నచోట సాధారణంగా వెనక పల్లంగా ఉంటుంది. పోసినదానికి వెనకంతా గరుకు చదును.

మంచిర్యాల నుంచి ఒక సోదరి: మా నాన్న పాత ఇత్తడి బ్యాడ్జీ నల్లబడితే చింతపండుతో తోమాను. ఇప్పుడు ఎర్రగా, గులాబీ రంగులో కనిపిస్తోంది. బాగుచేయొచ్చా?

అయ్యో అమ్మా. బిందెలకు చింతపండు బాగుంటుంది గానీ బ్యాడ్జీకి వద్దు. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన లోహం. పులుపు ముందు జింక్‌ను తింటుంది, పైన రాగి మిగిలి ఎర్రగా కనబడుతుంది. మళ్లీ తోమకండి, పీతాంబరి, బ్రాసో అస్సలు వద్దు. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తడి పూర్తిగా తుడిచి వదిలేయండి, ఏండ్లు గడిస్తే అదే సర్దుకుంటుంది. బ్యాడ్జీలు సేకరించేవాళ్లు నల్లబడినదాన్నే ఎక్కువ ఇష్టపడతారు. ఒకటి గుర్తుంచుకోండి, రబ్బరు బ్యాండ్ చుట్టి పెట్టకండి, అందులోని గంధకం వెండినీ ఇత్తడినీ నలుపు చేస్తుంది.

కాజీపేట నుంచి: స్టేషన్ దగ్గర బలిదాన్ బ్యాడ్జీ 200కు అమ్ముతున్నారు. జాకెట్ మీద పెట్టుకుంటే ఏమైనా అంటారా?

కత్తి, రెక్కలు, కింద దేవనాగరిలో బలిదాన్ అని ఉండే ఆ గుర్తు పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లది, మిగతా పారాట్రూపర్లు కూడా పెట్టుకోరు. 2019 ప్రపంచకప్‌లో ధోని గ్లోవ్స్ మీద అదే గుర్తు కనిపిస్తే ఐసీసీ తీసేయమంది. ధోని సంగతి వేరు, గౌరవ లెఫ్టినెంట్ కల్నల్, 2015లో ఆగ్రాలో ఐదు జంపులు చేసి రెక్కలు తెచ్చుకున్నవాడు. మనం గ్లాసు అల్మరాలో పెట్టుకుంటే ఏమీ కాదు. సైనికుడినని నమ్మించడానికి పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు పడొచ్చు.

మా మామ మెరూన్ టోపీ మీద ఫిరంగి బ్యాడ్జీ ఉంది. నకిలీదా? (జనగామ)

కాకపోవచ్చు. మెరూన్ టోపీ కనబడగానే పారాచూట్ రెజిమెంట్ అనుకుంటాం. పారాచూట్ బ్రిగేడ్‌లోని ఫిరంగి దళం, ఇంజినీర్లు కూడా అదే టోపీ పెట్టుకుంటారు, బ్యాడ్జీ మాత్రం తమ దళానిదే ఉంటుంది. మీ మామ ఫిరంగి దళంలో పనిచేసి ఉంటే లెక్క సరిపోయింది.

కొత్తగా మొదలుపెట్టాలంటే ఎక్కడ కొనాలి? మోసపోకుండా ఎట్లా?

మోసపోకుండా ఎవరూ మొదలుపెట్టలేదు, నేనూ అంతే. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఒకతను ప్లాస్టిక్ కవర్లో పెట్టిన గుడ్డ రెక్కల్ని చూపించి, 1944వి సార్, బర్మా నుంచి వచ్చినవి అన్నాడు. ఆ బర్మా మాటకే పడిపోయి 1,800 ఇచ్చేశాను. ఇంటికొచ్చి లైటార్పి, దొంగనోట్లు చూసే నీలం టార్చి వేస్తే తెల్ల దారం ట్యూబ్‌లైట్‌లాగా వెలిగింది. ఇప్పటి దారాన్ని తెల్లగా మెరిపించడానికి కలిపే మందు వల్లే ఆ వెలుగు, యుద్ధకాలపు నూలు దారానికి ఆ మందు ఉండదు. ఇప్పటి సర్ఫ్‌తో ఉతికితే పాత గుడ్డ కూడా కాస్త వెలుగుతుంది కాబట్టి ఆ ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పొద్దని, ఒక దారం పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చాను. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. ఇది కరిగి గట్టి పూసలాగా ముడుచుకుంది. పాలిస్టర్. బర్మా ఎక్కడ, అది ఎక్కడ.

కొనేచోటు చెప్పమంటే, మొదట మీ ఊళ్లోని రిటైర్డ్ సైనికుల దగ్గర కూర్చోండి. కొనడానికి కాదు, చూడ్డానికి. అసలుదాన్ని పది నిమిషాలు చేతిలో పట్టుకుంటే నకిలీ బరువు మీకే తెలిసిపోతుంది. ఆ తర్వాత చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. నాకు రాసేటప్పుడు మాత్రం రెండు ఫొటోలు పంపండి, రెండోది వెనకవైపుది, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి.